బూస్ట్ గేజ్ చూపించనిది: సూపర్‌చార్జర్‌లో గాలి లెక్క

హనుమకొండలో మెకానిక్‌లు, పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం ఏర్పాటైన సాయంత్రపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

అన్నలకు, తమ్ముళ్లకు, వెనక వరుసలో నోటుపుస్తకాలు తెరిచి కూర్చున్న చెల్లెళ్లకు నమస్కారం.

ఏళ్ల తరబడి ఇంజన్లు విప్పి బిగిస్తున్న వాళ్లు మీలో ఉన్నారు. వాళ్లకు ఇంజన్ గురించి మొదటి నుంచీ చెప్పాల్సిన పని లేదు. అందుకే ఇవ్వాళ ఒక్క విషయమే పట్టుకుంటాను. సూపర్‌చార్జర్ అంటే ఇంజన్ బలంతోనే తిరుగుతూ సిలిండర్లలోకి అదనంగా గాలి తోసే పంపు, షెడ్డు భాషలో బ్లోయర్. అది ఉన్న బండి షెడ్డుకు రాగానే అందరి కళ్లూ బూస్ట్ గేజ్ మీదికి పోతాయి. ముల్లు ఎంత లేస్తే బండికి అంత బలం అనుకుంటాం. కానీ ఆ ముల్లు సిలిండర్‌లోకి ఎంత గాలి పోయిందో చెప్పదు. బ్లోయర్ తోసిన గాలికి, ఇంజన్ మింగగలిగిన గాలికి మధ్య తేడా వల్ల, సిలిండర్లకు గాలి పంచే గొట్టమైన మానిఫోల్డ్‌లో ఎంత ఒత్తిడి పేరుకుందో చెబుతుంది. ఈ రెండూ ఒకటి కావు. ఒకటే అనుకోవడం వల్ల మంచి ఇంజన్లు పాడవుతున్నాయి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు ఇంజన్ ఎంత గాలి మింగుతుందో చూద్దాం. రెండు లీటర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్ తీసుకోండి. క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, రెండు చుట్లు తిరిగేలోపు ప్రతి సిలిండరూ ఒక్కసారి గాలి పీలుస్తుంది. రెండు చుట్లకు రెండు లీటర్లు, అంటే చుట్టుకు ఒక లీటరు. 6,000 ఆర్‌పీఎమ్ దగ్గర నిమిషానికి 6,000 లీటర్లు. సిలిండర్ నిండుగా నిండితే వచ్చే లెక్క ఇది. మామూలు ఇంజన్లలో వాల్వుల దగ్గర, ఫిల్టర్ దగ్గర అడ్డంకులుంటాయి కాబట్టి చాలాసార్లు ఇంతకన్నా తక్కువే పోతుంది.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువ పంపడం పెద్ద పని కాదు, ఇంజెక్టర్‌ను ఇంకాస్త సేపు తెరిచి ఉంచితే చాలు. కష్టమంతా గాలితోనే. అదీ లీటర్లలో కాదు, గ్రాముల్లో. ఇక్కడే మన ఎండల సంగతి వస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.18 కిలోలు తూగుతుంది. 45 డిగ్రీల దగ్గర 1.11 కిలోలే. మే నెలలో రామగుండం, మంచిర్యాల దిక్కు 45 దాటడం మనకు కొత్త కాదు. అంటే బండిలో ఏ లోపమూ లేకుండానే, ఎండ ఒక్కదాని వల్లే వంద గ్రాములకు ఆరు గ్రాముల గాలి తగ్గిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం బండికి పికప్ తగ్గిందని కస్టమర్ అంటే అది వట్టి అనుమానం అనుకోకండి.

ఇక బ్లోయర్ దగ్గరికి వద్దాం. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో రూట్స్ అన్నదమ్ములు 1860లో ఒక బ్లోయర్‌కు పేటెంటు తీసుకున్నారు. అప్పటికి కార్లే లేవు. కొలిముల్లోకి గాలి ఊదడానికి, గనుల్లోకి గాలి పంపడానికి వాడేవాళ్లు. ఇప్పటికీ సిమెంటు ఫ్యాక్టరీల్లో పొడిని పైపుల గుండా తోలడానికి, మురుగునీటి శుద్ధి ప్లాంట్లలో నీళ్లలోకి గాలి పంపడానికి అదే రకం బ్లోయర్ పనిచేస్తుంది. రెండు రోటర్లు ఒకదానికొకటి తగలకుండా, ఎదురెదురుగా తిరుగుతాయి. గాలిని గోడ వెంట మోసుకెళ్లి అవతలి వైపు వదిలేస్తాయి. తన లోపల గాలిని కుదించదు. మానిఫోల్డ్‌లో చోటు లేక, ముందు వచ్చిన గాలి మీద కొత్తది వచ్చి పడినప్పుడే ఒత్తిడి పుడుతుంది. ట్విన్ స్క్రూ బ్లోయర్ అట్లా కాదు. దాని రెండు స్క్రూల మధ్య గాలి ముందుకు జరుగుతూ లోపలే కుదించుకుపోతుంది. అందుకే ఎక్కువ బూస్ట్ దగ్గర అది గాలిని తక్కువ వేడెక్కిస్తుంది.

ఇప్పుడు పుల్లీల లెక్క. మన రెండు లీటర్ల ఇంజన్‌కు చుట్టుకు 0.9 లీటరు మోసే రూట్స్ బ్లోయర్ బిగించామనుకోండి. క్రాంక్ పుల్లీ 180 మిల్లీమీటర్లు, బ్లోయర్ పుల్లీ 90. క్రాంక్ ఒక్క చుట్టు తిరిగితే బ్లోయర్ రెండు చుట్లు తిరిగి 1.8 లీటర్లు తోస్తుంది. రోటర్ల సందుల్లోంచి కొంత గాలి వెనక్కి జారుతుంది. పదో వంతు పోయిందనుకుంటే 1.6 లీటర్లు మిగులుతాయి. ఇంజన్ మింగేది ఒక లీటరు. 1.6 లీటర్ల గాలి ఒక లీటరు చోట్లో ఇమడాలి. బూస్ట్ అంటే ఇంతే. ఇంజన్ వేగం పెరిగినా తగ్గినా బెల్టు నిష్పత్తి మారదు కాబట్టి ఈ రకం బ్లోయర్ 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర కూడా దాదాపు పూర్తి బూస్ట్ ఇస్తుంది. నిండు లోడుతో ఘాట్ ఎక్కే బండికి ఇది ఎంత మేలో డ్రైవర్లను అడగండి.

ఈ లెక్క నుంచి చాలామంది నమ్మని ఒక సంగతి బయటికి వస్తుంది. ఇదే బండికి మంచి ఎగ్జాస్ట్ బిగించి, హెడ్‌లో పోర్టులు, అంటే గాలి దారులు, శుభ్రంగా తీర్చితే ఇంజన్ గాలిని ఇంకా తేలిగ్గా మింగుతుంది. మానిఫోల్డ్‌లో నిలిచే గాలి తగ్గుతుంది. గేజ్ ముల్లు 0.6 బార్ నుంచి 0.5కు దిగుతుంది (ఒక బార్ అంటే దాదాపు వాతావరణ ఒత్తిడి అంత). బలం మాత్రం పెరుగుతుంది! ఓనర్ వచ్చి బూస్ట్ పోయిందని గొడవ పెడతాడు. అతన్ని కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించండి. ముల్లును పైకి లేపడానికి చిన్న పుల్లీ మాత్రం వెయ్యకండి.

అసలు నాకు ఎక్కువ ఇష్టమైన భాగం బైపాస్ వాల్వ్. చూస్తే అరచేతిలో పట్టే చిన్న రేకు తలుపు. దాని గురించి ఎవ్వరూ గొప్పగా చెప్పుకోరు. సూపర్‌చార్జర్ రోజూ నడిపే బండిలో పనికొచ్చే వస్తువైందంటే మాత్రం దాని పుణ్యం చాలా ఉంది.

బ్లోయర్ బెల్టుకు కట్టేసి ఉంటుంది. డ్రైవర్ కాలు తీసినా అది తిరుగుతూనే ఉంటుంది. యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు, అంటే థ్రాటిల్, చాలా కార్లలో బ్లోయర్‌కు ముందుంటుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు కూడా బ్లోయర్ ఆ కాస్త గాలినే లాగి మానిఫోల్డ్‌లోకి తోస్తూ ఉంటే బలం వృథా, వేడి దండగ, పైగా గోల. అందుకని మానిఫోల్డ్ నుంచి బ్లోయర్ మూతి దాకా ఒక దారి పెట్టి, దానికి ఈ తలుపు బిగిస్తారు. తలుపు తెరిచి ఉంటే బ్లోయర్‌కు రెండు వైపులా దాదాపు ఒకే ఒత్తిడి ఉంటుంది. ముందుకు తోసిన గాలి చుట్టు తిరిగి మళ్లీ దాని మూతి దగ్గరికే వస్తుంది. అప్పుడు బెల్టు మీద భారం నామమాత్రం.

ఆ తలుపును తెరిచేది డయాఫ్రం అనే ఒక రబ్బరు పొర. కాలు తీసినప్పుడు, నిదానంగా పోతున్నప్పుడు మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ ఉంటుంది. అది సన్నటి హోస్ గుండా డయాఫ్రాన్ని లాగి తలుపు తెరిచి ఉంచుతుంది. యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ వ్యాక్యూమ్ తగ్గుతుంది, లోపలి స్ప్రింగు తలుపును మూసుకుంటూ వస్తుంది. పూర్తిగా మూసుకున్నాక బ్లోయర్ తోసిన గాలికి ఇంజన్ తప్ప వేరే దారి లేదు. ఇక్కణ్నుంచి హైదరాబాద్‌కు హైవే మీద ఒకే వేగంతో పోతున్నంతసేపూ ఆ తలుపు దాదాపు తెరిచే ఉంటుంది. ఓవర్‌టేక్ చేసే ఆ కాస్త సేపే మూసుకుంటుంది.

ఈమధ్య బండ్లలో ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, కరెంటుతో పనిచేసే సోలెనాయిడ్‌తోనో చిన్న మోటారుతోనో ఈ తలుపును సగం, పావు తెరిచి ఉంచగలదు. ఎగ్జాస్ట్ పొగ బలంతో తిరిగే టర్బోకు, ఎక్కువైన పొగను పక్కకు మళ్లించే వేస్ట్‌గేట్ ఉన్నట్టు బ్లోయర్‌కు ఉండదు. బెల్టు వేగాన్ని తగ్గించే వీలూ లేదు. కాబట్టి బూస్ట్ ఎక్కువైతే ఈసీయూ చేతిలో ఉన్నవి రెండే, థ్రాటిల్‌ను కొంత మూయడం, బైపాస్‌ను కొంత తెరవడం. కొన్ని బండ్లలో మూడోది కూడా ఉంది, పుల్లీలో అయస్కాంతపు క్లచ్. ఏసీ కంప్రెసర్‌లో మీరు రోజూ చూసేదే. అవసరం లేనప్పుడు బ్లోయర్‌ను పూర్తిగా విడిచేస్తుంది. ఈ ఆలోచన పాతదే. మెర్సిడెస్ వాళ్లు 1921లో బెర్లిన్ మోటారు ప్రదర్శనలో పెట్టిన సూపర్‌చార్జర్ కార్లలో యాక్సిలరేటర్‌ను అట్టడుగుకు తొక్కితేనే బ్లోయర్ కలిసేది.

వేడి గురించి కాస్త నిదానంగా చెబుతాను, ఇంజన్లను చంపేది ఇదే కాబట్టి. సైకిల్ పంపు కొట్టినప్పుడు దాని అడుగు కాలడం అందరికీ అనుభవమే. గాలిని కుదిస్తే వేడెక్కుతుంది. 45 డిగ్రీల గాలిని తీసుకుని 0.6 బార్ బూస్ట్, అంటే సుమారు 9 పీఎస్‌ఐ ఎక్కించామనుకోండి. ఏ నష్టమూ లేని కంప్రెసర్ అయినా దాన్ని 90 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. అరవై శాతం సామర్థ్యం ఉన్న రూట్స్ బ్లోయర్ అయితే 120 డిగ్రీలు. ఒత్తిడి అరవై శాతం పెరిగింది కదా, గాలి కూడా అరవై శాతం పెరిగిందా? లేదు. ఆ వేడికి గాలి వ్యాకోచించి ఉంది. బరువు లెక్క కడితే పెరిగింది ముప్పై శాతం లోపే. అదే గాలిని ఇంటర్‌కూలర్, అంటే గాలిని చల్లబరిచే రేడియేటర్, గుండా పంపి 65 డిగ్రీలకు దింపితే, గేజ్ మీద అదే 0.6 బార్ దగ్గర గాలి యాభై శాతం పెరుగుతుంది. ముల్లు రెండుసార్లూ ఒకేచోట ఉంది. గాలి ఒకటి కాదు.

ఇంకో మాట. ఉన్న బండికే, పుల్లీ మార్చకుండా, పెద్ద ఇంటర్‌కూలర్ బిగిస్తే గేజ్ ముల్లు కొంత దిగుతుంది. చల్లబడ్డ గాలికి తక్కువ చోటు చాలు కాబట్టి ఒత్తిడి తగ్గింది. గాలి ఎక్కడికీ పోలేదు. దానికి భయపడి ఇంటర్‌కూలర్ బాగాలేదని తీసేయకండి.

ఆ వేడికి ఖరీదు కూడా ఉంది. మన ఇంజన్ 6,000 ఆర్‌పీఎమ్ దగ్గర, యాభై శాతం అదనపు గాలితో నిమిషానికి సుమారు 10 కిలోల గాలి మింగుతోంది. దాన్ని బ్లోయర్‌లో 75 డిగ్రీలు వేడెక్కించడానికే 17 హార్స్‌పవర్ దాకా బెల్టు గుండా పోతుంది. బేరింగులు, గేర్లు తినేది దీనికి అదనం. ఇంత తీసుకుని అంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది కాబట్టే సూపర్‌చార్జర్ బతికింది. బైపాస్ తెరుచుకోకపోతే మాత్రం ఈ ఖర్చులో కొంత రోజంతా పెడుతున్నట్టే.

వేడి గాలి సిలిండర్‌లోకి పోతే నాకింగ్ వస్తుంది, అంటే మంట చేరకముందే పెట్రోలు తనంతట తానే అంటుకుని టకటకలాడుతుంది.  నాక్ సెన్సర్ ఆ చప్పుడు వినగానే ఈసీయూ ఇగ్నిషన్‌ను, అంటే స్పార్క్ కొట్టే సమయాన్ని, వెనక్కి జరుపుతుంది, పెట్రోలు చిక్కగా పోస్తుంది, అప్పటికీ ఆగకపోతే బూస్ట్ తగ్గిస్తుంది. ఇదంతా చేయడానికి దానికి కళ్లు కావాలి. మానిఫోల్డ్ ఒత్తిడి సెన్సర్, అక్కడి గాలి ఉష్ణోగ్రత సెన్సర్, ఈ రెండింటి నుంచే అది గాలి బరువు లెక్కగడుతుంది. మామూలు ఇంజన్‌లో ఉండే ఒక బార్ సెన్సర్ వాతావరణ ఒత్తిడి దాటితే ఇంకేమీ చూపలేదు. దాన్ని అట్లాగే ఉంచి బ్లోయర్ బిగిస్తే ఈసీయూకు బూస్ట్ ఉన్నట్టే తెలియదు, పెట్రోలు పెంచదు. పిస్టన్లు కరిగేది అప్పుడే.

సెంట్రిఫ్యూగల్ రకం బ్లోయర్ గురించి కొద్దిగా. టర్బోలో ఉండే ఇంపెల్లర్, అంటే గాలిని విసిరే రెక్కల చక్రం, లాంటిదే ఇందులోనూ ఉంటుంది, కాకపోతే బెల్టో గేర్లో తిప్పుతాయి. దాని ఒత్తిడి దాదాపు వేగం వర్గంతో పెరుగుతుంది. 6,000 దగ్గర 0.6 బార్ ఇస్తే 3,000 దగ్గర నాలుగో వంతు, 0.15 బార్ మాత్రమే. కింద పికప్ కావాలనే వాళ్లకు ఇది నచ్చదు. గాలిని తక్కువ వేడెక్కించడం దీని మంచితనం. వేగంగా పోతూ థ్రాటిల్ ఒక్కసారిగా మూస్తే గాలి ఇంపెల్లర్ మీదికి ఎదురుతిరుగుతుంది. దాన్నే సర్జ్ అంటాం. బ్లో ఆఫ్ వాల్వ్ ఉన్నది ఆ గాలిని బయటికి వదిలి ఇంపెల్లర్‌ను, బేరింగులను కాపాడడానికి.

కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో చేసిన పెద్దలు ఇక్కడున్నారు. వాళ్లు టీఎస్‌సీ అని పిలిచే టర్బో సూపర్‌చార్జర్ ఈ కుటుంబంలోదే, కాకపోతే ఎగ్జాస్ట్‌తో తిరుగుతుంది. పదహారు సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్ ఉన్న డబ్ల్యూడీఎమ్-2 ఇంజన్ స్టేషన్ నుంచి కదిలేటప్పుడు నల్లటి పొగ వదిలేది, మీరంతా చూసిందే. నాచ్, అంటే డ్రైవర్ లివర్ మెట్టు, పెంచగానే డీజిల్ పెరుగుతుంది, టర్బో వేగం అందుకోవడానికి సమయం పడుతుంది, ఆ మధ్యలో గాలి చాలక వచ్చే పొగ అది. తర్వాత వచ్చిన డబ్ల్యూడీజీ-4లో దీనికి చక్కటి ఉపాయం ఉంది. అది టూ స్ట్రోక్ ఇంజన్, తనంతట తాను గాలి పీల్చుకోలేదు, స్టార్టింగ్ నుంచే ఎవరో ఒకరు గాలి తోయాలి. అందుకని తక్కువ లోడు దగ్గర టర్బోను క్రాంక్ నుంచి గేర్లు తిప్పుతాయి, అప్పుడది సూపర్‌చార్జర్. ఎగ్జాస్ట్‌కు బలం వచ్చాక ఒక క్లచ్ ఆ గేర్లను వదిలేస్తుంది, అక్కణ్నుంచి టర్బో. కార్లలో ఫోక్స్‌వాగన్ 2005లో 1.4 లీటర్ల ఇంజన్‌కు రెండూ విడివిడిగా బిగించింది. కింది వేగాల్లో బ్లోయర్, 3,500 ఆర్‌పీఎమ్ దాటితే టర్బో ఒక్కటే. మధ్యలో గాలి ఒక దారి నుంచి ఇంకో దారికి మారడాన్ని ఒక ఫ్లాప్ చూసుకుంటుంది. డ్రైవర్‌కు ఆ మార్పు తెలియనివ్వకపోవడంలోనే ఆ ఇంజనీర్ల పనితనమంతా ఉంది.

ఇక మీ ప్రశ్నలు.

"సార్, పుల్లీ చిన్నది వేస్తే ఎంత లాభం?"

మన లెక్కలోనే చూద్దాం తమ్ముడూ. 90 మిల్లీమీటర్ల పుల్లీ తీసి 80ది వేశావు. బ్లోయర్ వేగం పన్నెండున్నర శాతం పెరిగింది. 6,000 దగ్గర 12,000 తిరిగేది 13,500 తిరుగుతుంది. ఆ బ్లోయర్ తయారుచేసినవాళ్లు ఇచ్చిన గరిష్ఠ వేగం ఎంతో ముందు చూడాలి. గాలి పన్నెండున్నర శాతం పెరగదు, ఎందుకంటే వేడి ఇంకా పెరిగింది. చిన్న పుల్లీ చుట్టూ బెల్టుకు పట్టు తగ్గింది, జారుతుంది. ఇంజెక్టర్లు, పంపు ఆ పెట్రోలు అందించగలవో లేదో చూసుకోవాలి. చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం నుంచి బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. రోడ్డు మీద తిరిగే బండికి ఈ పని అడిగితే ఒప్పుకోకండి. కస్టమర్ పోతే పోనీ.

"సార్, కవాసకి నింజా హెచ్2 బైకుకు ఇంటర్‌కూలర్ లేదంటారు కదా. మరి అదెట్లా తట్టుకుంటుంది?"

మంచి ప్రశ్న చెల్లెమ్మా. దాని సెంట్రిఫ్యూగల్ ఇంపెల్లర్ వెడల్పు 69 మిల్లీమీటర్లే. గేర్లతో క్రాంక్ కన్నా 9.2 రెట్లు వేగంగా తిరుగుతుంది. ఇంజన్ 14,000 దగ్గరుంటే ఇంపెల్లర్ లక్షా ఇరవై ఎనిమిది వేలకు పైన ఉంటుంది. ఆ ఇంపెల్లర్ గాలిని తక్కువ వేడెక్కించేలా మలిచారు. గాలి నిలిచే డబ్బాను అల్యూమినియంతో చేశారు, అది వేడిని బయటికి వదులుతుంది. సిలిండర్ గాలిని ఎన్ని రెట్లు కుదిస్తుందో చెప్పే కంప్రెషన్ నిష్పత్తిని 8.5కు దించారు. ఆ ఇంజన్‌ను మొదటి నుంచీ దీనికోసమే గీశారు. మామూలు కారుకు తర్వాత తగిలించే కిట్టుకు ఈ వెసులుబాటు ఉండదు, దానికి ఇంటర్‌కూలర్ పెట్టాల్సిందే.

"బూస్ట్ రావట్లేదని బండి వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలె సార్?"

బ్లోయర్ విప్పకండి అన్నా. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. మన రోడ్ల దుమ్ముకు, గ్రానైట్ క్వారీల దిక్కు తిరిగే బండ్లకు అది తొందరగా మూసుకుపోతుంది. బ్లోయర్‌కు గాలే అందకపోతే అది దేన్ని తోస్తుంది? తర్వాత బెల్టు, టెన్షనర్. బెల్టు మీద మెరుపు తేలితే జారుతోందని గుర్తు. ఆ తర్వాత ఇంటర్‌కూలర్ హోస్‌లు, క్లిప్పులు, మానిఫోల్డ్ గ్యాస్కెట్. సబ్బు నీళ్లు పూసి తక్కువ ఒత్తిడితో గాలి పెడితే లీకు బుడగలు కక్కుతుంది.

చివరికి బైపాస్. వ్యాక్యూమ్‌తో పనిచేసే రకమైతే, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా డయాఫ్రం డబ్బా (యాక్చుయేటర్) కడ్డీ లోపలికి లాక్కుని తలుపు తెరిచి ఉండాలి. సన్నటి హోస్ పీకితే కడ్డీ వెంటనే వెనక్కి రావాలి, బ్లోయర్ చప్పుడు మారాలి. హోస్ పీకినా తలుపు మూసుకోకపోతే ఇరుక్కుపోయింది, బూస్ట్ రాకపోవడానికి కారణం అదే. ఐడిల్‌లోనే మూసి ఉంటే హోస్ పగిలిందో డయాఫ్రం చిరిగిందో చూడండి. అప్పుడు బూస్ట్ వస్తుంది కానీ మైలేజీ పడిపోతుంది, బండి ఉత్త పుణ్యానికి వేడెక్కుతుంది. మన ఎండకు ఆ రబ్బరు హోస్ తొందరగా బీటలు వారుతుంది. మార్చడానికి పది నిమిషాలు చాలు. ముందు బల్ల మీద ఒక బ్లోయర్, దాని బైపాస్ విప్పి పెట్టాం. ఇటు రండి, చేతికి వ్యాక్యూమ్ పంపు ఇస్తాను, ఎవరికి వాళ్లు తలుపు తెరిచి చూసుకోండి.